పొడి నేల అడిగిన మేష్టారు

మా మేష్టారు పోయేరు. మొన్న ఆదివారం ఆరాధన అయిపోయి జనం ఇళ్ళకెళ్ళిపోయేక చర్చి గంట మళ్ళీ మోగింది. వారం నుంచీ ఆయాసంతో ఆయన అమలాపురం ఆస్పత్రిలో ఉన్నారు కాబట్టి, ఎవరి కోసం మోగిందో మా వీధిలో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

నేను తాపీ మేస్త్రీని. బడికెళ్ళి చదువుకున్నది లేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన చలవే. తాతనయ్యేక నన్ను మా అరుగు మీద కూర్చోబెట్టి సుద్దముక్కతో దిద్దించేరు. ఇందులో అక్షరం తప్పితే దిద్దుకోండి. విషయం మాత్రం దిద్దక్కర్లేదు.

ఆయన హైస్కూల్లో సోషలు చెప్పేవారు. రిటైరయ్యేక రోజూ సాయంత్రం మా అరుగు మీదకొచ్చేవారు. "మేష్టారు, మేస్త్రీ, ఇద్దరం ఒకటేనోయ్. నువ్వు గోడలు కడతావు, నేను గోడలకి చెబుతాను" అనేవారు. ఆ మాట అన్న ప్రతిసారీ ఆయనే ముందు నవ్వేవారు.

ఊళ్ళో ఆయన పేరు ఎర్రకర్ర మేష్టారు. ఆయన చిన్నప్పుడు మిషను బడిలో ఒక దొరసానమ్మ ఉండేవారట. అమెరికాలో దక్షిణాన లూసియానా అనే రాష్ట్రం ఆవిడది. వెళ్ళిపోతూ ఆ రాష్ట్రం బొమ్మల పుస్తకం ఈయన చేతిలో పెట్టి వెళ్ళేరు. రాజమండ్రి దాటి ఎరగని మనిషి, ఆ రాష్ట్రం గురించి ఉప్పలగుప్తం గురించి చెప్పినట్టు చెప్పేవారు. అక్కడి రాజధాని పేరుకి అర్థం ఎర్రకర్ర అని క్లాసులో చెబితే పిల్లలు ఆ పేరు ఆయనకే తగిలించేరు. "రాజధాని పేరు పెట్టేరు, ఇంకేం కావాలోయ్" అన్నారు ఆయన నాతో.

"అదీ మనలాంటి నేలేనోయ్ మేస్త్రీ. మనకి గోదారి తెచ్చి పోసింది, వాళ్ళకి మిసిసిపి తెచ్చి పోసింది." జిల్లాని అక్కడ పారిష్ అంటారట, చర్చి సంఘాన్ని అన్నట్టు. శవం ముందు బాజాలు వాయించుకుంటూ వెళతారట, మన దగ్గరలాగే. జెండా మీద గూడబాతు బొమ్మ ఉంటుంది. తన రొమ్ము తనే చీల్చుకుని పిల్లలకి రక్తం పెడుతుంటుంది. "పక్షి నిజంగా అలా చెయ్యదు. కానీ అలాంటి దాన్ని జెండా మీద పెట్టుకోవాలనుకున్నారు చూడు, అదోయ్ సంగతి" అనేవారు.

ఆ పుస్తకంలో ఒక పేజీ బాగా నలిగిపోయింది. న్యూ ఆర్లియన్స్ అనే ఊళ్ళో సమాధుల బొమ్మ. నేల తవ్వితే నీళ్ళూరతాయని అక్కడ నేల మీదే ఇటుకతో చిన్న గది కట్టి అందులో పెడతారట. సున్నం కొట్టిన గదులు వీధిలా ఉన్నాయి. ఆర్చి బాగానే తిప్పేరు. నేనైతే ఇంకా బాగా తిప్పుదును.

ఆ పేజీ ఎందుకు నలిగిందో నాకు తెలుసు. ఆయన భార్య, అమ్మగారు పోయినప్పుడు గోతిలో నీళ్ళూరి, పెట్టె దింపితే తేలింది. ఆయన గట్టు మీద నిలబడి చూసేరు. ఇంటికొచ్చేక ఒక్కమాట అన్నారు. "ఆవిడకి చన్నీళ్ళు పడవోయ్."

ఆ స్మశానం ఇదివరకు అలా ఉండేది కాదు. పునాదులు తవ్వేవాణ్ణి, నాకు తెలీదా? చుట్టూ వరి ఉన్నన్నాళ్ళూ పొడి ఇసక వచ్చేది. తర్వాత మూడు వైపులా రొయ్యల చెరువులు తవ్వేరు. గట్టునానుకుని ఉన్న పెద్ద చెరువు చర్చి సంఘం పెద్దగారిది.

మేష్టారు సంఘం మీటింగులో అడిగేరు, నేను పోయేక నేల మీద ఇటుకతో కట్టించండీ అని. నన్ను కూడా తీసుకెళ్ళేరు.

"ఏవండీ మేష్టారూ, మనవాళ్ళందరూ మట్టిలో పడుకుంటే తమరికి మేడ కావాలాండీ?" అన్నారు పెద్దగారు.

"మేడ కాదండీ. పొడిచోటు."

"మట్టిలో కలవాలని కదండీ వాక్యం?"

"ఆయ్. మట్టిలోనే అన్నారండీ, నీళ్ళలో అన్లేదు. నీళ్ళలో బాప్తీస్మానికి ఒకసారి ముంచేరు కదండీ, చాలండీ."

అందరూ నవ్వేరు. పెద్దగారు నవ్వలేదు. "నా చెరువు మూలానే అని తమరి ఉద్దేశం. మీ లూసియానాలో కూడా వరి చేలల్లో రొయ్యలు పెంచుతారని మా అబ్బాయికి మీరే చెప్పేరు కదండీ."

"రొయ్యలాంటివేనండీ. కానీ మంచినీళ్ళలో పెంచుతారు. పట్టేసేక మళ్ళీ అదే చేలో వరి వేస్తారు. మీ చెరువులో మళ్ళీ వరి పండుతుందాండీ?"

అక్కడితో మీటింగు అయిపోయింది. ఒకరికి కడితే అందరూ అడుగుతారన్నారు పెద్దగారు. నేను కట్టిపెడతానండీ అన్నాను. "మేస్త్రీగారూ, ఇది మా సంఘం విషయమండీ" అన్నారు. వాళ్ళ చర్చి గోడ లేపినప్పుడు నాది ఏ సంఘమో ఒక్కరూ అడగలేదు.

మేష్టారు ఆశ వదల్లేదు. నా వాకిట్లో ఇటుకలు ఏరి పక్కన పెట్టించేరు. ఒక్కోదాన్నీ ఇంకో ఇటుకతో కొట్టి, ఖంగుమంటేనే ఒప్పుకునేవారు. "నా ఇల్లు గట్టిగా ఉండాలోయ్."

సోమవారం మేష్టార్ని స్మశానానికి తీసికెళ్ళేరు. మాఘమాసం, చుక్క వాన లేదు. పెద్దగారు సెంటర్లో ఫ్లెక్సీ కట్టించేరు. రావులపాలెం నుంచి బాజాలు రప్పించేరు. మేష్టారు మనకి ప్రపంచాన్ని చూపించేరండీ అని మైకులో చెప్పేరు. చూపించేరు. చూసిందెవరు?

గొయ్యి నడుంలోతు రాకుండానే నీళ్ళు. నేను పెద్దగారి దగ్గరకెళ్ళేను. "ఏవండీ, ఇటుక నా వాకిట్లోనే ఉంది. పొద్దుగూకే లోపు లేపేస్తాను. ఇప్పుడైనా ఊఁ అనండి."

"జనం ఎండలో ఉన్నారు మేస్త్రీగారూ" అన్నారు.

మోటారు పెట్టేరు. తోడిన నీళ్ళు గట్టు మీంచి పెద్దగారి చెరువులోకే వదిలేరు. అవే అడుగునుంచి మళ్ళీ వచ్చేయి. పెట్టె దింపితే తేలింది. కుర్రాళ్ళు వెదుళ్ళతో అదిమి పట్టుకుంటే మిగతావాళ్ళు మట్టి పోసేరు. అప్పుడు బాజాలు గట్టిగా వాయించేరు. లూసియానాలో ఉన్నట్టు ఆయనకి బాజాలొక్కటే అమరేయి.

మర్నాడు పొద్దున్నే వెళ్ళేను. పోసిన మట్టి కుంగి నీళ్ళు నిలిచేయి, బంతిపూల దండ తేలుతోంది. గట్టవతల చెరువులో గాలి కొట్టే ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆయన ఏరిన ఇటుకల్లోంచి ఒకటి సంచీలో తెచ్చేను. గుర్తుకి తలవైపు పెడదామని వంగి పెట్టేను. నేల పట్టుకోలేదు. ఖంగుమనే ఇటుక, చప్పుడు లేకుండా బురదలోకి దిగిపోయింది. దాని మీద బుడగలు కాసేపు వచ్చేయి.