మోచేతి పట్టు

బస్సు దారిలో మొరాయించింది. జనమంతా దిగి పెట్రోలు బంకు రేకుల నీడకు చేరారు. బొంగరం కూడా దిగాడు. వెనకే అక్క, అతని బట్టల సంచీని చంకలో ఇరికించుకుని. ఆమె ఆడపడుచు మొగుడికి ఏదో ఊళ్లో గిడ్డంగి ఉంది. తమ్ముణ్ణి అక్కడ కాపలాకు కుదిర్చి రావాలని ఆమె పట్టుదల.

అన్నట్టు, బొంగరం అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. కుర్రతనంలో నడివీధిలో నెత్తి నేలకానించి గిరగిరా తిరిగేవాడని జనం పెట్టింది. ఇప్పుడు నడినెత్తిన అరచేతి మేర జుట్టు లేదు. దుకాణంలో ఫ్రిజ్‌లు మోసి మోసి నడుము కూడా పోయింది. బిరుదులన్నిటికీ ఇదే గతి. మనిషి ఆగిపోయినా పేరు తిరుగుతూనే ఉంటుంది.

ఆ బస్సులోంచే దిగిన కుర్రకారు, ఊరికే కూర్చోలేక, బంకు పక్కన అట్టలు పరిచి పాట పెట్టారు. గుండ్రంగా నిలబడి ఒక్కొక్కరే మధ్యలోకి దిగి ఆడుతున్నారు. ఎర్రటోపీ అమ్మాయి దిగింది. కాళ్లు గాలిలోకి విసిరి, అరచేతికి బదులు ఎడమ మోచెయ్యి నేలకానించి, భుజం ఒక్క కుదుపు కుదిపి, పళ్లు బిగబట్టి తలకిందులుగా నిలిచిపోయింది.

బొంగరం నాలుగడుగులు ముందుకు వేశాడు. విరిగిన మణికట్టు వంకరగా అతుక్కుని వంగకపోతే, గతిలేక తను కనిపెట్టిన పట్టు అది. అప్పట్లో ఆ కుదుపు తన నొప్పికి వచ్చింది. పళ్లు బిగబట్టిందీ నొప్పికే. జనం అదే సొగసనుకుని ఈలలు వేశారు. నిక్షేపంలాంటి చెయ్యి ఉన్న పిల్ల ఇప్పుడు ఆ నొప్పిని కూడా నేర్చుకుని మరీ ఆడుతోంది.

"అది నాదమ్మా," అన్నాడు.

"ఏది, టోపీనా?"

అందరూ నవ్వారు.

"ఆ మోచేతి పట్టు."

"అది మా మాస్టారిది బాబాయ్! ఆయన పేరుతోనే పిలుస్తాం," అంటూ పేరు చెప్పింది. ఒకప్పుడు బొంగరం ఆడుతుంటే పక్కన నిలబడి చప్పట్లు కొట్టినవాడే.

"వాడు నన్ను చూసే నేర్చుకున్నాడు."

"అయితే దిగి చూపించు మరి. ఇక్కడ నోటిమాట చెల్లదు."

న్యాయమే. నదులు ఎక్కడ పుట్టాయో తేల్చడానికి పండితులు గ్రంథాలు తిరగేస్తారు. వీధిలో మాత్రం సాక్ష్యం ఒంటితోనే చెప్పాలి. గుంపు పక్కకు జరిగి అతనికి దారి ఇచ్చింది.

"ఒరేయ్, నీకేమన్నా పిచ్చా? నడుం పట్టేస్తే నిన్ను మంచంతో సహా మోసుకెళ్లి కాపలా పెట్టాలా?" అక్క అరిచింది.

"ఒక్కసారే అక్కా."

మోచెయ్యి ఆనించాడు. కాళ్లు విసిరాడు. అవి జానెడు లేచి మూటలా కూలాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఎర్రటోపీ పిల్ల చెయ్యి అందించి లేపింది, చొక్కా మీద దుమ్ము దులిపింది.

"పర్లేదు బాబాయ్. మా మాస్టారి దగ్గరకు రా. పెద్దవాళ్లకు కూడా నేర్పిస్తారు."

ఆ గొంతులో వెటకారం లేదు. ఉత్త జాలి. బతుకులో ఇది నాది అని చెప్పుకోవడానికి అతనికి ఉన్నది ఆ ఒక్క పట్టే. దానికి మిగిలిన ఒకే సాక్షి ఈ ఒళ్లు, నలుగురి ముందూ అడ్డం తిరిగింది. ఇకమీదట ఎవరికి చెప్పినా కోతలు కోసినట్టే.

బస్సు బాగైనట్టుంది, హారన్ మోగింది. కుర్రకారు అట్టలు ఎత్తుకుని ఎక్కేశారు.

"రారా, సీటు పోతుంది!" మెట్టు మీంచి కేకేసింది అక్క.

బొంగరం బస్సు వైపు వెళ్లలేదు. బస్సు వచ్చిన దారినే వెనక్కి, నడుం పట్టుకుని, రోడ్డు అంచున నడిచిపోయాడు. అక్క మళ్లీ పిలిచింది. అతను తల కూడా తిప్పలేదు.