నలభై తాళ్ల దూరంలో ప్లూటో

మా చిన్నప్పుడు... అని మొదలుపెట్టాను గానీ, ఇది మా చిన్నచెల్లి కరుణ చిన్నప్పటి మాట. దానికీ నాకూ పదహారేళ్ల తేడా. తెలంగాణ ఇంకా రాలేదు. గోదావరిఖనిలో అది ఎనిమిదో తరగతి.

నా కాపురం పక్క క్వార్టర్‌లోనే. పొద్దున ప్రార్థనకు అమ్మ వాళ్లింటికే వెళ్లేదాన్ని. ఆ రోజు ప్రార్థన ముగించి కళ్లు తెరిచేసరికి కరుణ చేతిలో నా పిండి జల్లెడ, దానికి పసుపు కాగితం అంటించి ఉంది. బొగ్గు పొయ్యి మీద చాయ్ మరుగుతోంది... రాత్రి షిఫ్టు దిగిన బాపు కనురెప్పల మీద మసితోనే గుమ్మంలో నిలబడ్డాడు.

"జల్లెడ గాదక్కా, సూర్యుడు!" అంది కరుణ.

బడిలో సైన్సు ప్రదర్శనకు సౌరకుటుంబం నమూనా చేస్తోంది. మూరెడు జల్లెడ సూర్యుడైతే భూమి జొన్నగింజంత. గురుడు నిమ్మకాయంత. అప్పటికింకా గ్రహమే అయిన ప్లూటో ఒక గసగసం. నోటు పుస్తకం నిండా లెక్కలు కట్టుకుంది. ఇక దూరాలు కొలవాలి. బాపు గనిలో సర్వే మజ్దూరు... టేపు పట్టి దూరాలు కొలవడమే ఆయన పని.

"అంత దూరమెందుకే, బడిలనే సర్దరాదు?" అంది అమ్మ.

"కొలత సర్దొద్దే. గనిల గట్ల సర్దితే రెండు దిక్కుల నుంచి తవ్వుకచ్చిన తొవ్వలు కలుస్తయా?" అన్నాడు బాపు. చాయ్ నిలబడే తాగి తాడు అందుకున్నాడు.

నలభై ఎనిమిది మీటర్ల తాడు. బడి గేటు దగ్గర సూర్యుడు... ఒక తాడు దూరంలో కరెంటు స్తంభానికి అట్టముక్క మీద జొన్నగింజ. అయిదు తాళ్లు దాటాక, నీళ్ల ట్యాంకు దగ్గర నిమ్మకాయ. గసగసానికి దాదాపు నలభై తాళ్లు... గని గేటు దాకా. మధ్యలో అంతా ఖాళీ. రోజూ ప్రార్థనలో ఆకాశం అంటాను గానీ, అది ఇంతటిదని ఆ రోడ్డు మీదే తెలిసింది.

మంచి నమూనా జిల్లా ప్రదర్శనకు పోతుంది. కరుణకు అదొక్కటే ఆశ. ఎంపిక చేయడానికి బయటి నుంచి ఒక సారు వచ్చాడు. జల్లెడ పక్కనే నేనూ ఉన్నాను. కరుణ నోటు పుస్తకం తిరగేసి అడిగాడు.

"మిగిలిన గ్రహాలేవి?"

"తొవ్వ పొంటి ఉన్నయి సార్. నడవాలె."

"నీ నిమ్మకాయ కోసం నేను నడవాల్నా? జొన్నగింజ భూమంటివి... మరి దాని మీద నువ్వేడున్నవే?"

పిల్లలంతా గొల్లున నవ్వారు.

అసలు అడగాల్సిన ప్రశ్న అదే. ఆయన మాత్రం నవ్వించడానికి అడిగాడు.

ఎంపికైంది థర్మాకోల్ నమూనా. మోటారు మీద తిరిగే రంగు బంతులు... భూమి సూర్యుడిలో సగం, గ్రహాలన్నీ భుజాలు రాసుకుంటూ. మా భూమి దాకా ఒక్క తాడు దూరం. అంత కూడా నడవలేదు ఆ పెద్దమనిషి!

కోపాన్ని దేవుడి ముందు పెట్టి మరిచిపోయే అలవాటు నాది. ఇదొక్కటి ఎన్నిసార్లు పెట్టినా తిరిగొస్తుంది.

ఇప్పుడు ఫోనులో వేలితో తోస్తే గ్రహాలన్నీ గిర్రున తిరుగుతాయి... ఎంత దూరమో కాళ్లకు మాత్రం తెలియదు. మీ కష్టాన్ని కూడా ఇలా చూడకుండానే తేల్చేసిన వాళ్లున్నారా? ఉంటే రాయండి, చదువుతాను.

ఆ సాయంత్రం కరుణ ఏడుస్తూ అట్టలు పీకేస్తానంది. ప్రార్థన అయ్యాక అందరం కూర్చున్నాం. పీకొద్దనే తేల్చాం.

"రేపు ఫస్ట్ షిఫ్టుకు పోయెటోళ్లంత గా తొవ్వనే పోతరు" అన్నాడు బాపు, రాత్రి డ్యూటీకి బూట్లు కట్టుకుంటూ. "నువ్వు సూర్యుని కాడ నిలబడి ఒక్కొక్కరిని తోలు బిడ్డా. డ్యూటీ దిగి నేను ప్లూటో కాడ ఉంట."