పెద్దమ్మ ఏరుకున్న ముక్క

మా పెద్దమ్మ పెంచలమ్మ వంకాయలు కొంటుంటే చూడాలి. ఒక్కో కాయనూ తిప్పి, తొడిమ గిల్లి, ఎండకు పట్టి చూస్తే గానీ తక్కెట్లో వెయ్యనివ్వదు. మునక్కాయ వంచి చూస్తుంది. పులికాట్ చేపలు వచ్చిన రోజు మొప్పలెత్తి చూపించనివాడి పని అయిపోయినట్టే. పాకాలలో ఒక ఆడపిల్లల హాస్టల్లో ముప్పై ఏళ్లు వంట చేసింది. కాంట్రాక్టరు మెత్తబడిన టమోటాలు తెస్తే "మీ ఇంట్లో పిల్లోళ్లకు పెడతావా ఇవి?" అని అందరి ముందూ అడిగి బస్తాలు వెనక్కి పంపేది. ఆమె గేటు దగ్గర నిలబడి ఉంటే ఆయన బండి దిగడానికి జంకేవాడు.

అంతటి మనిషి పెద్దకూర అంగడి దగ్గర మాత్రం పిల్లిలా అయిపోయేది. ఎనుము మాంసాన్ని మా వైపు పెద్దకూర అంటాం. రైల్వే గేటు అవతల మస్తాన్ అంగడి ఉంది. లైసెన్సు కాగితం గోడకు తగిలించి ఉంటుంది, అయినా ముందర గోనెపట్టా పరదా. పెద్దమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని, అటూ ఇటూ చూసి, పరదా పక్కన సంచి నోరు తెరిచి పట్టుకునేది. "ఏదో ఒగటి ఎయ్యప్పా, బిన్నా" అని తొందరపెట్టేది. అతను చేతికందింది వేసేవాడు. మెడో, పిక్కో, నరాలో. దాని మీద తోటకూర కట్ట కప్పుకుని రెండు నిమిషాల్లో గేటు ఇవతలికి వచ్చేసేది.

ఆ కూర కుక్కర్లో పది విజిళ్లు పెట్టినా మెత్తబడేది కాదు. నమిలి నమిలి దవడలు లాగేవి. పెద్దకూరంటేనే అంత, గట్టిగానే ఉంటుంది కాబోలు అనుకుని పెరిగాం నేనూ మా తమ్ముడూ. నాకు ముప్పై నాలుగేళ్లు వచ్చేదాకా అలాగే అనుకున్నాను. తిరుపతిలో నేను పిల్లలకు పాఠాలు చెప్పే పంతులమ్మను, ఈ చిన్న సంగతి తెలియదు నాకు! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పోయిన ఏప్రిల్లో పెద్దమ్మ రిటైరైంది. ఒక ఆదివారం నేను వెళితే పప్పన్నం కలుపుకుంటూ అంది. "ఇంగ పెద్దకూర తిన్లేనుమే నవీనా. పైన నాలుగు, కింద ఆరు ఉండాయి పండ్లు. వీటితో యాడ నమిలేది?"

ఆమె జీవితంలో నోరు తెరిచి ఇష్టమని చెప్పిన తిండి అదొక్కటే. ఎవరికి వండినా చివర మిగిలింది తినే మనిషి. దానికి కూడా నీళ్లొదులుకుంటుంటే నేను ఊరుకోలేకపోయాను. నేరుగా మస్తాన్ అంగడికి పోయి, పండ్లు లేనివాళ్లు తినగలిగే ముక్క ఏదైనా ఉందా అని అడిగాను.

మస్తాన్ కత్తి తుడుచుకుంటూ నవ్వాడు. "అడిగినోళ్లుంటే గదమ్మా సెప్పేది. మా నాయన కాలం నుంచీ ఉండాది ఈ అంగడి. మీవోళ్లు సంచి పడతారు, పోతారు. నడుం ఎముక లోపలపక్క పొడుగాటి కండ ఉంటాది. ఎన్నపూస మాదిరి ఉంటాది. దాన్ని వేలూరు, సెన్నై హోటలోళ్ల బండి పొద్దన్నే వచ్చి ఎత్తకపోతాది. ఆడ దాని పేరు స్టేక్ అంట."

విన్నారా? మా ఊరి ఎనుము, మా ఊరి అంగడి. మెత్తటి కండ చెన్నైకి పోయి తెల్లటి ప్లేట్లో కూర్చుంటుంది. దాన్ని ఫోర్కుతో పొడుచుకుని ఫొటోలు తీసుకుంటారు. వాళ్లను ఇల్లు ఖాళీ చెయ్యమని ఎవరూ అనరు. ముఖానికి కొంగు కప్పుకున్న మా పెద్దమ్మకు మాత్రం నరాలు. ఇదెక్కడి న్యాయం అని నేను అక్కడే అరిచాను. మస్తాన్ ఏం చేస్తాడు పాపం. "వచ్చే ఆదివారం ఎత్తిపెడతాను. కానీ అక్కను రమ్మను. హోటలోళ్లు తిప్పి తిప్పి సూసుకోని తీసుకుంటారు. అక్క కూడా సూసుకోనీ" అన్నాడు.

పెద్దమ్మ ససేమిరా అంది. "ఆడ నిలబడి ఏరుకునేకి అదేమన్నా సీరల అంగడా? ఎవురన్నా సూస్తే?"

ఆమె భయం ఇంటి గురించి. స్టేషను వెనక వీధిలో భువనేశ్వరమ్మ గారింట్లో అద్దెకుంటోంది. అది ఆమెకు ఐదో ఇల్లు. ముందు నాలుగూ వాసన వచ్చిందనే ఖాళీ చేయించారు. అందుకని ఈ ఇంట్లో చేరేటప్పుడు "మేము మటన్ తప్ప వేరే మాంసం తినం" అని చెప్పింది. పుచ్చు టమోటా ఒక్కటి కూడా దాచని మనిషి తన తిండిని దాచింది. అలా దాచేలా చేసిన వాళ్లు మాత్రం హాయిగా నిద్రపోతున్నారు.

అయినా ఆ ఆదివారం నేను ఆమె చెయ్యి పట్టుకుని గేటు దాటించాను. మస్తాన్ మొద్దు మీద రెండు ముక్కలు పెట్టాడు. పెద్దమ్మ కాసేపు దూరంగానే నిలబడింది. తర్వాత కొంగు లోంచి చెయ్యి బయటికి వచ్చింది. బొటనవేలితో నొక్కి చూసింది. తిప్పింది. వాసన చూసింది. ఇక ఆగలేదు.

"ఈ తెల్ల పొర తీసెయ్యప్పా. కండ పోగుకు అడ్డంగా కొయ్యి. వేలు మందం ఉండల్ల."

"సరిగ్గా సెప్పినావక్కా. ఈ కండకు పని తక్కువ. కాళ్లు, మెడ మాదిరి కష్టపడదు. అందుకే మెత్తన."

"అట్లయితే మా వార్డెను మాదిరి అను!" అని పెద్దమ్మ పకపకా నవ్వింది. నవ్వుకు కొంగు జారింది. సర్దుకోవడం కూడా మరిచిపోయింది.

ఇంటికొచ్చి ఇనప పెనం బాగా కాల్చాం. ముక్కలకు ఉప్పు, మిరియాలు, దంచిన వెల్లుల్లి పట్టించాం. ఒక్కో పక్క మూడు నిమిషాలు, అంతకు మించితే చెప్పు తోలే అని మస్తాన్ మరీ మరీ చెప్పాడు. మొదటి పక్క చుయ్యిమంటూ ఉండగా తలుపు కొట్టారు. భువనేశ్వరమ్మ గారు.

"ఏందో వాసన వస్తా ఉండాది పెంచలమ్మా. మటనేనా?"

పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"మాకేం పట్టింపు లేదు. ఈదిలో నలుగురూ అడగతారు, అందుకని."

ఆ నలుగురు ఎవరో నేను ఇంతవరకు చూడలేదు. నేను నోరు తెరవబోతే పెద్దమ్మ నా చెయ్యి నొక్కింది.

"మటన్ కాదమ్మా. పెద్దకూర. మూడేండ్లుగా మీకు అబద్దం సెప్పినాను. ఇంగ సెప్పను."

భువనేశ్వరమ్మ గారు ఒక అడుగు వెనక్కి వేశారు. "అట్లయితే నెలాఖరుకు ఇంకో ఇల్లు సూసుకో. కోపం పెట్టుకోవద్దు. నువ్వు మంచిదానివే."

మంచిదానివే అంట! "పోయిన నెల మీకు జరమొస్తే గంజి కాసి పెట్టింది ఎవురు? ఆ గంజి ఈ పొయ్యి మీదిదే గదా. తాగినారు గదా!" అని కేకలేశాను. దానికీ దీనికీ సంబంధం ఏముండాది అని ఆవిడ మెల్లగా అని, మెల్లగానే మెట్లెక్కి వెళ్లిపోయారు.

లోపలికి వచ్చేసరికి వంటగది నిండా పొగ. ముక్కలు నల్లబడి, అంచులు పైకి లేచి ఉన్నాయి. నాకు కోపంతో ఏడుపొచ్చింది. అరవై రెండేళ్లకు ఒక్కసారి నిలబడి ఏరుకున్న ముక్క, దాన్ని కూడా తిననివ్వలేదు. పెద్దమ్మ ఒక ముక్క చిన్నగా కోసుకుని, పండ్లున్న వైపు పెట్టుకుని చాలాసేపు నమిలింది. చివరికి తీసి పళ్లెం అంచున పెట్టింది.

"ఎప్పటి మాదిరే ఉండాదిమే" అంది.

ఆ వారమంతా ఇల్లు వెతికింది. ఈసారి గుమ్మంలోనే చెప్పేది. "నేను పెద్దకూర తింటానమ్మా, ఇస్తారా?" మూడు తలుపులు మూసుకున్నాయి. నాలుగోది రైల్వే గేటు అవతల రేకుల గది. ఎండకు కాలిపోతుంది, రైళ్ల మోతకు కిటికీ అదురుతుంది. తిరుమలమ్మ అనే ముసలామె "తినుకోక్కా, నాకూ రోంత పెట్టు" అని తాళం చేతిలో పెట్టింది. శనివారమే సామాను అక్కడికి చేర్చాం.

ఆ మరుసటి ఆదివారం పెద్దమ్మ నన్ను పిలవకుండానే మస్తాన్ అంగడికి బయల్దేరింది. నేను వెనకే పరిగెత్తాను. ముఖం మీద కొంగు లేదు. వెలుతురు లేకుంటే ఎట్ల కనపడతాదని పరదా తనే పక్కకు లాగేసింది. మొదటి ముక్క వద్దంది. రెండోది అటూ ఇటూ తిప్పింది. వెనక నిలబడ్డ వాళ్లలో ఎవరో "అవ్వా, బిన్నా కానీ" అన్నారు.

"ముప్పై ఏండ్లు బిన్నాబిన్నానే తీసుకున్నాను. ఉండబ్బా, సూసుకోనీ" అంది, వెనక్కి తిరగకుండానే.

ఆ మధ్యాహ్నం తలుపు ఎవరూ కొట్టలేదు. ఈ పక్క మూడు నిమిషాలు, ఆ పక్క మూడు నిమిషాలు. తిరుమలమ్మకు రెండు ముక్కలు పెట్టి, పెద్దమ్మ ఒకటి నోట్లో వేసుకుంది. నమలడం ఆపి నా వైపు చూసింది. కళ్లలో నీళ్లు నిండాయి.

"ఇంత మెత్తగా ఉంటాదని ఇన్నేండ్లూ మనకెవురన్నా సెప్పినారామే?" అంది. కోపంగానే అంది.