కేకలవారి ఇల్లు

మా అసలు ఇంటిపేరు కేకల. నాకు ఊహ తెలిశాక నాయన దాన్ని వదిలేశాడు. గిద్దలూరు దగ్గరి పల్లెలో కూలికి పోయే కుటుంబం మాది. నాయన మిషన్ బడిలో చదివేటప్పుడు తోటిపిల్లలు, "మీ ఇంట్లో అందరూ గయ్యాళులేనా?" అని ఏడిపించేవారట. బేస్తవారిపేట బడిలో అయ్యవారి ఉద్యోగం వచ్చి మమ్మల్నందరినీ అక్కడికి తీసుకువచ్చినప్పుడు, మా పల్లె పేరునే ఇంటిపేరుగా రాయించుకున్నాడు.

నిజానికి మా ఇంట్లో కేకలు వేసేవాళ్లే లేరు. తాతయితే మరీ. మేక చేనులో పడితే లేచి వెళ్లి తోలుకొచ్చేవాడు గాని ఉన్నచోటి నుంచి అదిలించేవాడు కాదు. అన్నం కావాలన్నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగేవాడు. ఆయన స్వభావమే అంత అనుకున్నాం. పేటకు వచ్చాక సంత రోజుల్లో అరుగు మీద కూర్చుని రైలు దిగినవాళ్లు వచ్చే కంభం దారి వైపు చూస్తుండేవాడు. "ఎవరికోసం తాతా?" అంటే "ఊరికేనమ్మా" అనేవాడు. నేను మళ్లీ అడగలేదు.

ఆయన పోయినప్పుడు నేను పురిటికి పుట్టింటికి వచ్చి ఉన్నాను. సమాధి చేసిన మర్నాడు ఒక ముసలాయన, సొరబుర్రలో తేనె పట్టుకుని గుమ్మం ముందుకు వచ్చాడు. నల్లమల మనిషని చూడగానే తెలిసింది.

"కేకలోళ్ల ఇల్లు ఇదేనా నాయనా?"

నాయన బిత్తరపోయి, అవునన్నాడు.

"మీరు ఈడికొచ్చినారని పల్లెలో చెప్తే, ఇంతకుముందు గూడా ఈ ఊరికి వచ్చిపోయినా. కేకలోళ్లంటే ఎవురికీ తెలీదన్నారు. ఈపొద్దు చర్చి కాడ, మెల్లంగ మాట్లాడే ముసలాయన అని అడిగినా. నిన్ననే మట్టి చేసినారని చెప్పినారు."

నాయన ఆయన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాడు. మంచినీళ్లు తాగి ఆయనే మొదలుపెట్టాడు.

"రైలుకు నల్లమలలో కొండ తొలిచి బోగదా తవ్వేటప్పుడు మీ నాయనా నేనూ ఒకే జట్టు. రాతిలో మందు కూరి వత్తి ముట్టిచ్చే ముందు, తప్పుకోండని కేకెయ్యాల. ఆ పని మీ నాయనది. ఏం గొంతు అది! కూలోళ్లమంతా కేకలోడనే వాళ్లం. అదే మీకు ఇంటిపేరైంది."

"మాకెన్నడూ చెప్పలేదే చిన్నాయనా!"

"ఎట్ల చెప్తాడు? ఒకనాడు మీ నాయన తమ్ముడు పార మరిచి మల్లా లోపలికి పోయినాడు. మేస్త్రీ తొందరకొద్దీ వత్తి కురుచగా కోసి ముట్టిచ్చినాడు. మీ నాయన నోరు తెరిచేలోపలే పేలింది. నీ తప్పు గాదన్నా అని ఎంత చెప్పినా ఇనలా. ఆ పొద్దు నుంచి గొంతెత్తలా."

"ఆ తమ్ముణ్ణి ఏడ పూడ్చినారు?"

"ఏడ పూడ్చేది నాయనా? రాళ్లకింద నుంచి తీసింటే గదా!"

అమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పల్లెలో ఉన్నప్పుడు ఏటా తాను ఇంటికి రాకుండా నేరుగా చేనుకే వచ్చేవాడినని, ఇద్దరూ చేను గట్టున కూర్చుని ఆ పిల్లగాడి సంగతులే చెప్పుకునేవాళ్లమని, ఇంకెవరి దగ్గరా తాత ఆ మాట ఎత్తేవాడు కాదని ఆయన చెప్పాడు. మేము పల్లె విడిచాక వాళ్లిద్దరూ మళ్లీ కలుసుకోలేదు.

నాయన, "నేను పేరు మార్చకపోయింటే నువ్వు ఎప్పుడో వచ్చి చూసిపోయేవాడివి" అన్నాడు. ముసలాయన సమాధి దగ్గరికి పోయి కాసేపు కూర్చుని, అన్నం తిని, సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత పాత ఇంటిపేరు తిరిగి రాయించుకోవాలని నాయన చాలా తిరిగాడు. కాగితాలన్నీ కొత్త పేరు మీదే ఉన్నాయి, కుదరదన్నారు. తమ్ముళ్లకూ ఆ కొత్త పేరే నిలిచింది. నాది ఎలాగూ అత్తగారింటి పేరు. కేకల అనే ఇంటిపేరు గలవాళ్లు మాలో ఇప్పుడు ఒక్కరూ లేరు.