మూడని చదివిన చీటీ

మా తాత చెంగయ్యకు బెల్లం వండడంలో ఉన్నంత గర్వం తన మీసం మీద కూడా ఉండేది కాదు. మీసం మరీ పల్చన కాబట్టి అది సబబే. పూతలపట్టు చుట్టుపక్కల ఎవరి గానుగ ఆడినా పాకం దించే వేళకు ఆయన ఉండాల్సిందే. ఉడికే పెనంలోంచి చుక్క తీసి, నీళ్ళలో వేసి, వేళ్ళతో నలిపి, "దించండప్పా" అనేవాడు. ఆ మాటకు తిరుగులేదు.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో ఆయన పెద్దపేగులో గడ్డ ఉందని వేలూరులో కోసి తీసేశారు. కంటికి కనిపించిందంతా తీశామని, కనిపించకుండా ఏమైనా మిగిలి ఉంటే నెత్తురులో ముందే తెలుస్తుందని డాక్టరు చెప్పాడు. సి.ఇ.ఏ. అని దానికో పరీక్ష. ఆపరేషనుకు ముందు ఇరవై రెండున్న అంకె తర్వాత మూడుకు దిగింది. మూడు నెలలకొకసారి వచ్చి నెత్తురివ్వాలి, చీటీ పోస్టులో వస్తుంది, అంకె ఐదు దాటితే ఆ వారమే రావాలి, తొందరగా వస్తే మళ్ళీ కోసి చూడొచ్చు అన్నాడు.

చీటీ ఇంగ్లీషులో ఉండేది. తొమ్మిదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న నేనే మా ఇంటి ఇంగ్లీషు పండితురాలిని. నేను చదువుతుంటే మా అవ్వ వరదమ్మ పురాణం వింటున్నట్టు చేతులు కట్టుకుని కూర్చునేది.

మార్గశిరంలో వచ్చిన చీటీని నేరుగా గానుగ దగ్గరికే తీసుకుపోయాను.

"ఎంతమ్మే?" అన్నాడు తాత.

"ఐదు దాటింది. ఎనిమిదిన్నర."

ఆయన చెరకు కట్టల వైపు చూశాడు. "గానుగ ఇప్పుడే కదా కట్టింది. నలుగురికి మాటిచ్చినాను. ఉగాది కానీ, పోదాం."

"ఆ వారమే రమ్మన్నాడు కదా తాతా!"

"ఆయనకు అంకెలు తెలుసు. నా ఒళ్ళు నాకు తెలీదా? పొద్దున ఎన్ని ఇడ్లీలు తిన్నాను?"

"ఎనిమిది."

"అదేమ్మే చీటీలో ఎక్కింది!"

ఇద్దరం పడీ పడీ నవ్వాం. అవ్వకు మూడని చెప్పమన్నాడు. చెబితే వేరుశనక్కాయలు కలిపిన వేడి బెల్లం నాకు మొదట తీస్తానన్నాడు. పదహారేళ్ళదాన్ని, ఆ బెల్లం ముద్దకు లొంగిపోయాను. అవ్వ ముందు నిలబడి "మూడు" అని చదివాను. అవ్వ లేచిపోయి దేవుడి దగ్గర దీపం పెట్టింది.

ఫాల్గుణం వచ్చేసరికి తాత బుగ్గలు లోపలికి పోయాయి.

"మూడంటివి కదమ్మే?" అంది అవ్వ. "మూడైతే ఈ మనిషి నడుముకు పంచె ఇంకో చుట్టు ఎందుకు తిరగతా ఉండాది?"

 మరునాడే అవ్వ తాతనూ నన్నూ కాణిపాకం తీసుకుపోయింది. మా వైపు ఏ తగువైనా అక్కడి వినాయకుడి ముందు ప్రమాణంతో తేలాల్సిందే. కోర్టులో అబద్ధమాడినవాడు కూడా అక్కడ ఆడడు.

"లోపలికొచ్చి సామి ముందర చెప్పు, నీకు బాగుండాదని," అంది అవ్వ.

తాత చెప్పులు విడిచాడు. ఒకడుగు వేసి ఆగాడు. వెనక్కి వచ్చి మళ్ళీ తొడుక్కున్నాడు.

"వరదా, వేలూరికి పోదాం పా."

అవ్వ కొబ్బరికాయ కొట్టకుండానే ఆయన వెనక నడిచింది.

వేలూరులో పరీక్షలన్నీ మళ్ళీ చేశారు. అంకె అరవై దాటింది. కాలేయమంతా గడ్డలున్నాయన్నారు.

"ఆ చీటీ మీకెప్పుడు అందింది?" అని అడిగాడు డాక్టరు.

"పోయిన వారం సామీ," అన్నాడు తాత, నా వైపు చూడకుండా. "పోస్టాయన ఆలస్యం చేసినాడు."

"మూడు నెలలయింది," అన్నాను. "నేనే దాచాను."

డాక్టరు నన్ను తిట్టలేదు. అప్పుడే వచ్చి ఉంటే కోసి చూసేవాళ్ళం, నయమయ్యేదని మాత్రం చెప్పలేను అన్నాడు. ఇప్పుడు కోయడానికి లేదన్నాడు.

బయటికి రాగానే తాత నా మీద విసుక్కున్నాడు. "ఊరకుండలేవా? నేను చెప్పుకుంటా ఉండాను కదా!"

అవ్వ మెట్ల మీద ఆగిపోయింది.

"ఆ పొద్దు నిజంగా ఎంతుండెమ్మే?"

"ఎనిమిదిన్నర."

"ఐదుకూ ఎనిమిదిన్నరకూ తేడా ఎంతమ్మే?"

"మూడున్నర."

"అంతేనా!" అంది అవ్వ. తాత చేయి పట్టుకుని మెట్లు దిగింది. తాత ఆషాఢంలో పోయాడు. కోసి ఉంటే బతికేవాడో లేదో తెలియదు. తెలుసుకునే దారి మూసింది మాత్రం నేనే.