మిరపకాయలు లోపల... మేము బయట

మా చిన్నప్పుడు... ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మా మంచం, బిందెలు, రోలు అన్నీ ఎడ్లబండి మీద ఉన్నాయి. మా చెల్లి బుజ్జి పరుపుచుట్ట మీద కూర్చుని కాళ్ళూపుతోంది.

అన్నం దగ్గర పెద్దనాన్నకీ నాన్నకీ మాటామాటా పెరిగిందట. నాన్న కంచం ముందు నుంచి లేచిపోయి, "ఇక ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను" అన్నాడట. అంతే... మా కాపురం ఊరికి దూరంగా ఉన్న మిరప చేలోకి మారిపోయింది.

అక్కడ ఇల్లు లేదు. మేమే కట్టుకోవాలి!

నాన్న చేలోని నల్లమట్టే తవ్వాడు. అమ్మ నీళ్ళు పోసి తొక్కింది. బడికి వెళ్ళేముందు, వచ్చాక నేను ముద్దలు అందించేదాన్ని. పక్క చేను మస్తాన్‌వలి మామ వచ్చి చూసి, "ఒరేయ్ కోటయ్యా, రేగడిమట్టి గోడ వానకి నిలబడదురా. ఎర్రమట్టి తోలుకో" అన్నాడు. ఎర్రమట్టి ఉన్నది ఊళ్ళో, పెద్దనాన్న దొడ్డి వెనక. నాన్న అటు వెళ్ళనంటే వెళ్ళనన్నాడు.

ఇల్లంటే... నాలుగు చాపలు పరిస్తే నిండిపోయే ఒక్క గది. పైన తాటాకు. గోడలో గూడు, అందులో కిరసనాయిలు బుడ్డి. కరెంటు తీగ ఊరి చివరే ఆగిపోయింది. సాగర్ కాలువ నుంచి బిందెలతో నీళ్ళు తెచ్చి, ఇండుపగింజ అరగదీసి కలిపితే మన్నంతా అడుక్కి దిగి తేటనీళ్ళు పైకి తేలేవి. పొయ్యిలోకి పత్తికంప. మొదటి రోజుల్లో ఏడుపొచ్చేది కానీ... తర్వాత తర్వాత బడి వదిలితే చాలు, ఎప్పుడు ఆ గదిలోకి వెళ్ళి పడదామా అనిపించేది.

మిరప కోతలయ్యాయి. ఏడాది కష్టమంతా ఇంటి ముందు కల్లంలో ఎర్రగా ఆరుతోంది. ఒక మధ్యాహ్నం... ఎండ మాడ్చేస్తున్న వేళ, ఉన్నట్టుండి పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఎండాకాలంలో ఈ వానేంటి అనుకునేలోపే గాలి లేచింది.

కాయ మీద కప్పడానికి మాకున్నది ఒక్క చిన్న పట్టా. అమ్మ ఇంటివైపు చూసి, "ఏవయ్యా, కాయంతా లోపల పోసేద్దాం" అంది.

"మరి మనం?" అన్నాను.

"మనం తడిస్తే ఆరతాం. కాయ తడిస్తే బూజు పడుద్ది."

మస్తాన్‌వలి మామ, ఆయన భార్య కరీంబీ అత్త పరిగెత్తుకొచ్చారు. గంపలతో ఎత్తి ఎత్తి పోశారు. చాపలూ దుప్పట్లూ బయటికి, మిరపకాయలు లోపలికి! గది నడుమెత్తున నిండిపోయింది. మేము బండి కింద పట్టా కప్పుకుని ముడుచుకున్నాం. ఇంటివాళ్ళం బయట, మిరపకాయలు లోపల... నాకు అది మింగుడు పడలేదు.

వాన దంచికొట్టింది. చూస్తుండగానే పడమటి గోడ ఉబ్బింది. నిజంగానే... కడుపులా ముందుకు ఉబ్బి, పెద్ద చప్పుడు కూడా లేకుండా, మెత్తగా కూలిపోయింది. తాటాకు కప్పు దాని మీద వాలిపోయింది. రోజూ మేము తలలు పెట్టుకుని పడుకునేది ఆ గోడ పక్కనే.

"బుజ్జి ఏదీ?" అమ్మ అరిచింది.

బండి కింద బుజ్జి లేదు!

"చలికి లోపలికి దూరిందేమో..." అన్నాడు నాన్న.

ఆ తర్వాత అమ్మ చేసింది ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. పార కోసం చూడలేదు. రెండు చేతులతో ఆ బురదనీ, నలిగిన తడి మిరపకాయల్నీ తోడేస్తోంది. కళ్ళలో కారం పడుతున్నా రెప్ప వేయడం లేదు. నాన్న, మామ తాటాకులు లాగేస్తున్నారు.

"అమ్మా... ఏం ఎతుకుతున్నావే?"

వెనక నుంచి బుజ్జి! కరీంబీ అత్త కొంగు కప్పుకుని నిలబడి ఉంది. పిల్ల వణికిపోతోందని అత్తే తమ పాకలోకి తీసుకెళ్ళిందట. చెప్పే వెళ్ళిందట... వాన హోరులో మాకెవరికీ వినపడలేదు.

అమ్మ బురదలోనే కూలబడింది. బుజ్జిని దగ్గరకు తీసుకోబోయి ఆగిపోయింది. అరచేతుల నిండా కారం. పిల్లకి మండుతుందని చేతులు రెండూ దూరంగా పెట్టి, మోచేతులతో, గడ్డంతో అదుముకుంది. అప్పుడు ఏడ్చింది. కరీంబీ అత్త గిన్నెలో పుల్లమజ్జిగ తెచ్చి, ఆ చేతుల్ని ముంచి అలాగే పట్టుకుని కూర్చుంది.

మర్నాడు పెద్దనాన్న బండి కట్టుకుని వచ్చాడు. నాన్న మొహం తిప్పుకున్నాడు. పెద్దనాన్న కూలిన గోడ చూశాడు, వాచిపోయిన అమ్మ చేతులు చూశాడు. "పదమ్మా, ఇంటికి పోదాం. పిల్లల్ని ఎక్కించు" అన్నాడు.

అమ్మ తల వంచుకునే, "ఇంటికొద్దు బావగారూ... చేతనైతే ఇల్లు కట్టడానికి రండి" అంది.

అందరం అదిరిపోయాం. ఆయన ముందు అమ్మ అంత మాట అనడం అదే మొదలు. పెద్దనాన్న బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఇక అంతా అయిపోయిందనుకున్నాం...

పొద్దెక్కేసరికి బండి తిరిగొచ్చింది. నిండా ఎర్రమట్టి! పెద్దనాన్న పంచె ఎగ్గట్టి, మట్టిలోకి దిగి తొక్కడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి, నాన్నవైపు చూడకుండానే, "ముద్ద ఇటియ్యరా" అన్నాడు.

నాన్న ఇచ్చాడు. గొడవ తర్వాత అన్నదమ్ముల మధ్య మొదటి మాట అదే.

పంట సగం పోయింది. మిగిలింది ఎండబెట్టుకున్నాం. నా పదో తరగతి అయ్యేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాం... మళ్ళీ ఏ వానకీ ఆ గోడ కదల్లేదు.

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. ఎవరో భార్యాభర్తలు కరెంటు లేకుండా, బుల్లి ఇల్లు సొంతంగా కట్టుకుని ఉంటున్నారట. "మేమూ అలాగే ఉన్నామే" అంటే నమ్మలేదు. వాళ్ళ బుజ్జి పిన్నికి ఫోన్ చేసి మరీ అడిగింది!

ఇప్పుడు మాది పట్నంలో, బ్రాడీపేటలో నాలుగో అంతస్తు. వానొస్తే కిటికీ తలుపులు వేసుకుంటాం, అంతే. ఈ గోడలు ఎవరు కట్టారో నాకు తెలియదు. గోడకి అవతల ఎవరుంటున్నారో కూడా సరిగ్గా తెలియదు...

మీ చిన్ననాటి ఇంటి గోడల్లో ఎవరెవరి చేతులున్నాయో మీకు గుర్తుందా? ఉంటే చెప్పండి... వినాలనుంది.