లేరన్న మాట

పరుపుల తాత పగలంతా పరుపులు కుట్టేవాడు, సాయంత్రాలు సూఫీ పాటలు పాడేవాడు. ఊరందరికీ నిద్ర కుట్టిపెట్టినవాడికి తన కంటి మీద మాత్రం కునుకు లేదు. దూది దుమ్ము గొంతు తినేసింది. వేళ్ళు ఇక సూది పట్టలేమంటున్నాయి.

అవన్నీ పోనీ, అసలు బెంగ వేరే. "నేను లేను, ఉన్నది నువ్వే" అని జీవితమంతా పాడాడు గానీ, ఆ 'నేను' ఒక్క పూటైనా వదిలితేనా! చప్పట్లు పడితే ఉబ్బేది, పడకపోతే ఉడికేది. మొదటి పాదం ఎవరెత్తాలన్న దగ్గర, నువ్వు నాకు వంత పాడాలంటే నువ్వు నాకు వంత పాడాలని, జోడు పాటగాడితో మాటలే మానేశాడు. దేవుడిలో కరిగిపోతామని పాడేవాళ్ళిద్దరూ కోడిపుంజుల్లా కొట్టుకుంటే వీధి నవ్వింది. నవ్వదూ మరి? ఈ బరువు దించుకోకుండానే పోతానేమోనని తాత భయం.

ఆ మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. "ఎవరైనా సరే, లేనని చెప్పు. నాకు ఓపిక లేదు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

భార్య తలుపు తీసింది. ఎదురుగా ఆ జోడు పాటగాడే, చేతికర్రతో.

"ఆయన లేరన్నయ్యా," అంది నేలచూపులు చూస్తూ.

"లేడా? ఎప్పుడమ్మా?"

"పొద్దున్నే వెళ్ళిపోయారు."

వచ్చినాయన గడప మీద కూలబడ్డాడు. "కాళ్ళాడుతున్నప్పుడే ఓసారి మాట్లాడి పోదామని వచ్చాను. నాకు కబురైనా పెట్టలేదేంటమ్మా? నేనంత కానివాణ్ణయ్యానా?"

తన మాట చావు కబురై తగిలిందని ఆవిడకి అప్పుడు వెలిగింది. గాభరాగా లోపలికి చూసింది. లోపల తాతకి ముందు నవ్వొచ్చింది. లేవబోయాడు.

"మొదటి పాదం వాడే ఎత్తాల్సింది. వాడి గొంతు ముందు నాదెంత," అన్నాడు బయటాయన.

తాత ఆగిపోయాడు. ఎన్నేళ్ళుగానో వినాలనుకున్న మాట. ఇంకాస్త పొగుడుతాడేమోనని ఊపిరి బిగబట్టి విన్నాడు. చచ్చినా చావదు కదా ఈ పాడు 'నేను' అనుకుని, తన మీద తనకే రోత పుట్టింది.

బయట ఏడుపు మొదలైంది. ముసలి ఏడుపు, మధ్యమధ్య దగ్గు. ఇక ఉండలేక గోడ పట్టుకుని వెళ్ళి, గడప మీద పక్కనే కూర్చున్నాడు.

వచ్చినాయన కళ్ళు తుడుచుకుని, తాత వైపు చూశాడు.

"ఉన్నావా?"

"ఉన్నానురా. ఎంత పాడినా ఈ 'నేను' పోలేదు."

"నాదీ పోలేదు. కాస్త జరుగు, నడుం వాల్చాలి."

తాత జరిగాడు.